ఏడో గుమ్మటంలో ఉడకని పప్పు

రోజు 301

అధ్యక్షుల వారి సతీమణి దినచర్య పుస్తకం, ఆరో సంపుటం. రాస్తున్నది చింతా పరాంకుశం, విశ్రాంత చరిత్ర ఉపన్యాసకుడు. భూమి లెక్కలో నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఇక్కడి లెక్కలో, అంటే అంగారకుడి లెక్కలో, నలభై ఒకటి. పింఛను పెంచమని అడిగినప్పుడల్లా ప్రభుత్వం నాకు నలభై ఒకటే అంటుంది.

నాకు ముందు ఈ పని చేసిన ఐదుగురూ ఏడాది తిరక్కుండానే మానేశారు. నేను మానలేదు. ఈ పుస్తకంలో రాసింది ఎవరూ కొట్టెయ్యకూడదని చట్టం ఉంది. నలభై ఏళ్లుగా నేను రాసిందల్లా ఎవరో ఒకరు కొట్టేస్తూ వచ్చారు కాబట్టి ఈ ఏర్పాటు నాకు నచ్చింది. అంతకంటే నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. సతీమణి గారు కార్యక్రమాల్లో పలికిన మాట ఈ పుస్తకంలోకి ఎక్కితేనే చట్టం దృష్టిలో పలికినట్టు.

ఇక ఆవిడ. పేరు మణెమ్మ. రెండో గుమ్మటం క్యాంటీన్లో పెరిగి, అక్కడే గరిట పట్టిన మనిషి. భర్త బాలకిషన్ గారు అధ్యక్షుడయ్యాక ఆవిడకి దేశం ఇచ్చిన పనులు ఇవి: రోజుకి ఆరు చోట్లకి వెళ్లడం, చెయ్యి ఊపడం, అందరిముందూ ఏమీ తినకపోవడం, చెవిలో పెట్టిన మర ఏం చెబితే అది పలకడం. ఆ మరకి మాటలు అందించేది ప్రోటోకాల్ కార్యదర్శి ప్రసన్నకుమార్. ఒకప్పుడు నా విద్యార్థి. ముప్ఫై ఐదు మార్కులకి నేనే రెండు కలిపి గట్టెక్కించాను. నా జీవితంలో నేను చేసిన అవినీతి అదొక్కటే. దాని ఫలితం దేశం అనుభవిస్తోంది.

ఈ రోజు మొదటి కార్యక్రమం నాచు పెంచడం నేర్పే నాచుబడి వార్షికోత్సవం. అక్కడి నాచు పచ్చడి బాగుందని మర చెప్పింది. మణెమ్మ గారు మరని చెవిలోంచి తీసి కొంగుకి కట్టుకున్నారు.

"తినకుండ బాగుందని ఎట్ల చెప్తనయ్యా? నా నోరు అబద్ధమాడితే ఆడింది గని, నా నాలుక ఆడదు."

పచ్చడి రుచి చూశారు. ఉప్పు తక్కువైందన్నారు. రాశాను.

మూడు రోజుల్లో ఏడో గుమ్మటం ప్రవేశం. తెలియని వాళ్లకోసం రాస్తున్నాను. కొత్త గుమ్మటం కట్టాక అధ్యక్షుడి భార్య అందులో పొయ్యి వెలిగించి పాలు పొంగించాలి. పొంగాక 'పొంగింది' అని ఒక్క మాట అనాలి. ఆ మాట నేను రాసుకుంటే జనం కాపురానికి వెళ్లొచ్చు. నాలుగు వందల కుటుంబాలు గదికి రెండు కాపురాల చొప్పున సర్దుకుని, మూటలు కట్టుకుని ఎదురుచూస్తున్నాయి. 345వ రోజున ఎన్నికలు. ఈ రెండు సంగతులకీ సంబంధం లేదని ప్రభుత్వం వారానికి రెండుసార్లు ప్రకటిస్తోంది.

రోజు 304

పాలు పొంగాయి. ఆవిడ ఆ మాట అనలేదు. ఇది అరవై ఒక్క ఏళ్లలో మొదటిసారి కాబట్టి వివరంగా రాయాలి.

ఏడో గుమ్మటం తలుపు దాటగానే చెవులు గుయ్యిమన్నాయి. నాలుగు అడుగులకే ఆయాసం వచ్చింది. వయసు అనుకున్నాను. పక్కన చూస్తే నిర్మాణ మంత్రి తిరుమలేశ్ కూడా నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. ఆయనకి నలభై నిండలేదు. లంచాల బరువు అనుకున్నాను.

దేశంలో ఉన్న పంతొమ్మిది మేకల నుంచీ లీటరు పాలు తెచ్చారు. ప్రమాణపు పొయ్యి, ప్రమాణపు గిన్నె. పాత సతీమణుల సంపుటాలన్నీ తిరగేసి చూశాను: మూడో గుమ్మటం నుంచి ఆరో దాకా నాలుగింటిలోనూ పాలు తొమ్మిది నిమిషాలకి పొంగాయి. ఒక్క అరనిమిషం అటూ ఇటూ, అంతే. ఇక్కడ ఏడు నిమిషాల యాభై సెకన్లకి పొంగిపోయాయి. చప్పట్లు మోగాయి. ముహూర్తబలమని ఒకరు, అధ్యక్షుల వారి అదృష్టమని ఒకరు. మంత్రి కళ్లు తుడుచుకున్నాడు.

మణెమ్మ గారు గిన్నె వైపే చూస్తున్నారు. చెవిలో మర అరుస్తోంది, నా దాకా వినిపిస్తోంది: "పొంగింది అనండి అమ్మగారూ, పొంగింది అనండి."

"కనవడుతుంది లేవయ్యా, నేనేం గుడ్డిదాన్నా?" అని ఆవిడ మరతో అన్నారు. తర్వాత ప్రసన్నకుమార్ వైపు తిరిగారు. "ప్రసన్నా, ఈ పాలకు ఇంత తొందరేంది?"

"శుభసూచకం అమ్మగారూ."

"శుభమో ఏమో. నాకు గుప్పెడు శనగపప్పు తెప్పియ్యి. ఉడకబెట్టి జూస్త."

కార్యక్రమంలో పప్పు లేదని ప్రసన్నకుమార్ వినయంగా చెప్పాడు. తర్వాతి అంశం కవితాగానం. ఇరవై రెండు నిమిషాలు.

గానం చేసే మార్తాండరావు గురించి ఇప్పుడే చెప్పేస్తాను. సాహిత్య పీఠం అధ్యక్షుడు. తొమ్మిది వందల పేజీల నా 'గుమ్మటాల చరిత్ర'ని నలభై ఏళ్ల కిందట చదివి, చదివానని చెప్పుకుని, అట్ట మీద 'వంటింటి కబుర్లు చరిత్ర కావు' అని రాసి తిప్పి పంపించినవాడు. ఏడో గుమ్మటంలో మొదటి ఇల్లు ఆయనకే ఇచ్చారు. శాలువా సర్దుకుని మొదలుపెట్టాడు. మూడో పద్యంలో గొంతు ఆగిపోయింది. బల్ల పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగాడు. కవితావేశమని పక్కన ఎవరో గుసగుసలాడారు. ఆయన్ని యాభై ఏళ్లుగా ఎరుగుదును. ఆవేశం ఎప్పుడూ లేదు.

ఆయన కూర్చున్నాక మంత్రి సతీమణి గారి వైపు చూశాడు. దేశమంతా చూసింది.

"సూద్దాం," అన్నారు మణెమ్మ గారు.

నేను 'సూద్దాం' అని రాశాను.

రోజు 305

అధ్యక్షుల వారి ఇల్లు. భోజనం వేళ. ఆ ఇంట్లో గోడలు పల్చన కాబట్టి పక్క గదిలో కూర్చుని రాస్తున్నాను. నన్ను లోపలికి రమ్మనలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు.

"ఒక్క మాట అంటే ఏం వోతదే నీకు?" బాలకిషన్ గారి గొంతు.

"నాదేం వోదు. ఆ నాలుగొందల ఇండ్లోళ్ల పానాలు వోతయి."

"మంత్రి కాగితం ఇచ్చిండు. గాలి పూర్తిగ ఉన్నదని. నూటికి నూరు."

"కాగితాన్ని పొయ్యి మీద పెట్టి జూసినవా?"

చారు జుర్రిన శబ్దం.

"నువ్వు అంటలేవని, నా పెండ్లమే నా మాట ఇంటలేదని ఊరంత నవ్వుతున్నరు మణెమ్మా."

"నవ్వనీ. ఊపిరున్నోళ్లే గద నవ్వేది."

అధ్యక్షుడి గురించి నేను ఇంతకాలం ఒక్క మంచి మాట రాయలేదు. ఈ రోజూ రాయను. కానీ ఆయన చారు మొత్తం తాగి, కంచం తనే కడుక్కున్నాడు.

రోజు 307

ఉదయం మణెమ్మ గారు నన్ను వంటింట్లోకి పిలిచి కూర్చోమన్నారు.

"పెద్దసారూ, నువ్వు పాతవన్నీ చదువుకున్నోడివి. ఈ పాలు పొంగిచ్చుడు ఎప్పటిసంది మొదలైంది?"

నలభై ఏళ్లుగా ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నాను. గదికి వెళ్లి నా రాతప్రతి తెచ్చి తొమ్మిదో అధ్యాయం తీసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ పెదవులు కదుపుతూ చదివారు. పల్లీలు తింటూ చదివారు. పేజీల మీద నూనె మరకలు పడ్డాయి. పడనిచ్చాను.

తొమ్మిదో అధ్యాయం సారాంశం ఇది. రెండో గుమ్మటం కట్టిన ఏడాది దానికి సన్నని చీలిక వచ్చింది. గాలి కొంచెం కొంచెంగా పోతూ వచ్చింది. గాలి పలచబడితే నీళ్లు పూర్తిగా వేడెక్కకుండానే మరుగుతాయి. మరుగుతాయి కానీ పప్పు ఉడకదు. క్యాంటీన్లో మూడు రోజులు పప్పు ఉడకలేదు. వంటవాళ్లు చెప్పారు. అధికారులు పప్పు మార్చమన్నారు. నాలుగో రోజు పొద్దున పంతొమ్మిది మంది నిద్ర లేవలేదు. ఆ తర్వాతే ఈ ఆచారం పుట్టింది: పాలు పొంగించాలి, ఆ వెంటనే నానబెట్టిన శనగపప్పు, బియ్యం, బెల్లం వేసి పాయసం వండాలి. పప్పు వేలితో నలిగితేనే తలుపులు తెరవాలి. ఆచారంలో అసలు పరీక్ష పాయసం. పాలు ఉత్తి ముచ్చట.

"మరి పాయసం ఎటువాయె?"

"తర్వాతి పేజీలో ఉందమ్మా."

తర్వాతి పేజీలో ఇలా ఉంది: నాలుగో గుమ్మటం ప్రవేశం నాడు కాలాభావం వల్ల పాయసం తీసేసి, దాని స్థానంలో కవితాగానం పెట్టారు. ఆ సవరణ ప్రతిపాదించినవాడు మార్తాండరావు. వంటింటి కబుర్లు చరిత్ర కావని ఆయన నొక్కి రాసింది ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. పీఠిక దగ్గరే ఆపేశాడనుకున్నాను. తొమ్మిదో అధ్యాయం దాకా వచ్చాడన్నమాట.

ఆవిడ పల్లీల గిన్నె పక్కకి జరిపారు.

"అప్పుడు నాకు ఏడేండ్లు. మా అమ్మనే పొయ్యి కాడ ఉన్నది. పప్పు ఉడుకుతలేదని ఏడ్చింది. తన చేతి గుణమే పోయిందనుకున్నది." పల్లీ పొట్టు దులుపుకున్నారు. "పందొమ్మిది మందిల మా తమ్ముడు ఒగడు. పేరు రాసినవా?"

రాశాను. కింద పేర్ల పట్టికలో పదకొండోది. ఆవిడ దాని మీద వేలు పెట్టి చూసుకున్నారు.

రోజు 313

ప్రభుత్వం దిగివచ్చింది. దిగివచ్చినట్టు నటించింది అని రాయడం న్యాయం. 'సతీమణి గారి పాయస సంబరం' అని కొత్త కార్యక్రమం ప్రకటించారు. మార్తాండరావు దానికి ఒక పద్యం కూడా రాశాడు. పాయసానికి ప్రాస దొరక్క ఆయాసం అని వేసుకున్నాడు.

ఈసారి పాలు సరిగ్గా తొమ్మిది నిమిషాలకి పొంగాయి. మంత్రి ముఖం వెలిగిపోయింది. మణెమ్మ గారు పొయ్యి పక్కన మోకాళ్ల మీద కూర్చుని మీట చూశారు.

"పెద్దసారూ, రాసుకో. మంట తగ్గిచ్చిన్రు."

రాసుకున్నాను. ప్రసన్నకుమార్ తల పక్కకి తిప్పుకున్నాడు. పరీక్షలో చూచిరాస్తూ దొరికిన రోజు కూడా అచ్చం ఇలాగే తిప్పాడు.

తర్వాత వెండి పళ్లెంలో శనగపప్పు తెచ్చారు. ఆవిడ ఒక పలుకు చిదిమారు. అది వెన్నలా నలిగింది. ముందే ఉడికించి తెచ్చారు! ఆవిడ దాన్ని పక్కన పెట్టి, కొంగు ముడి విప్పి ఇంటి దగ్గర నానబెట్టిన పప్పు బయటికి తీశారు. కొంగులో పప్పు, పక్కన చెవి మర. రెండూ తడిసి ఉన్నాయి. మర ఇక పనిచెయ్యదు.

నలభై నిమిషాలు ఉడికించారు. చివరికి పప్పు రాళ్లలాగే ఉంది. ఆవిడ అందరికీ పంచిపెట్టారు. ఇక్కడ నా దేశం గురించి ఒక మాట రాయక తప్పదు. మంత్రి ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు. కరకరమని వినిపించింది. ఆయన "అమృతం" అన్నాడు. పక్కనున్న పదమూడు మంది అధికారులూ అమృతం అన్నారు. ఒకాయన పన్ను విరిగి రుమాల్లో పెట్టుకుని మరీ ఇంకొంచెం వడ్డించమన్నాడు.

"ఉడకలే," అన్నారు మణెమ్మ గారు. "ఆ మాట నేను అన."

రోజు 315

ప్రభుత్వ వివరణ వచ్చింది. గుమ్మటం నిక్షేపంగా ఉంది. అధ్యక్షుల వారి సతీమణికి వంట రాదు.

ఉదయం నుంచి అన్ని ప్రసారాల్లోనూ ఇదే. పప్పు ఎన్ని గంటలు నానాలన్న విషయం మీద చర్చాగోష్ఠి జరిగింది. పాల్గొన్న ఐదుగురిలో ఎవరూ ఎన్నడూ పొయ్యి ముట్టించినవాళ్లు కారు. సాహిత్య పీఠం తరఫున మార్తాండరావు వచ్చి, గృహిణీ ధర్మం క్షీణిస్తోందని బాధపడ్డాడు. ఆయన భార్య ముప్ఫై ఏళ్ల కిందటే ఆయన్ని వదిలేసి ఐదో గుమ్మటానికి వెళ్లిపోయింది.

ఇన్నాళ్లూ గాలి గురించి మాట్లాడేటప్పుడు మణెమ్మ గారు గొంతు పెంచలేదు. ఈ రోజు పెంచారు.

"నాకు వంట రాదా? నేను నలభై ఏండ్లు మూడొందల మందికి వండిన! వీళ్ల నాయనలకు నేనే వడ్డిచ్చిన! తిని, మూతి తుడుసుకుని, ఇంకొంచెం ఎయ్యి అక్కా అన్నోళ్లే గద!" గరిట బల్ల మీద కొట్టారు. "మళ్ల వోత. ఎప్పుడు పిలుస్తరో పిలువమను."

గాలి పోతోందన్నప్పుడు కూడా గొంతు పెంచని మనిషి, వంట రాదంటే మాత్రం ఊరుకోదని ప్రభుత్వానికి తెలియదు. నాకు తెలుసు. నా పుస్తకాన్ని కబుర్లు అన్నవాణ్ణి నలభై ఏళ్లుగా క్షమించలేకపోతున్నవాణ్ణి.

రోజు 318

ప్రసన్నకుమార్ మా గదికి వచ్చాడు. పళ్లు తెచ్చాడు. నిజమైన పళ్లు. రెండు జామకాయలు.

"మాస్టారూ, మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

"నీకు కలిపిన రెండు మార్కులు అప్పుడప్పుడూ గుండెలో పొడుస్తున్నాయి."

నవ్వాడు. బల్ల మీద ఈ పుస్తకం వైపు చూశాడు.

"304వ రోజు ఆవిడ అన్నమాట సరిగ్గా వినపడలేదని చాలామంది అంటున్నారండీ. 'సూద్దాం' అన్నారో, ఇంకేదైనా అన్నారో. మీరు వయసులో పెద్దవారు. చెవులు గుయ్యిమన్నాయని మీరే రాశారు. చిన్న వివరణ, మీ చేత్తోనే, కింద ఒక్క వాక్యం. 'ఆవిడ అన్నది పొంగింది అనే' అని. చాలు."

"కొట్టెయ్యకూడదని చట్టం."

"కొట్టెయ్యక్కర్లేదండీ. కలపడమే." జామకాయలు నా వైపు జరిపాడు. "మీ 'గుమ్మటాల చరిత్ర' పీఠం ప్రచురించాలని తీర్మానించింది. తొమ్మిది వందల పేజీలూ. గట్టి అట్ట. వెయ్యి ప్రతులు."

నేను జామకాయ వైపు చూశాను. ఎంతసేపు చూశానో రాయడానికి సిగ్గుగా ఉంది. గట్టి అట్ట ఎలా ఉంటుందో, వెన్ను మీద నా పేరు ఏ అక్షరాల్లో వేస్తారో, ఎవరెవరికి ప్రతులు పంపాలో, ఎవరికి పంపకూడదో ఆలోచించాను. పంపకూడని వాళ్ల జాబితా పొడవైంది. నాలుగు వందల కుటుంబాల గురించీ ఆలోచించాను. కానీ వాళ్లు తర్వాత వచ్చారు. నిజం రాయాలి కదా.

కలం తీశాను. మూత కూడా తీశాను.

"ఒక చిన్న సంగతి మాస్టారూ," అన్నాడు ప్రసన్నకుమార్ లేస్తూ. "పీఠిక మాత్రం మార్తాండరావు గారు రాస్తారు. ఎనభై పేజీలు. ఆయన ముచ్చటపడ్డారు."

కలం మూత పెట్టేశాను.

ఆ మూర్ఖుడు ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే ఏం జరిగేదో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. నా సచ్ఛీలం మీద ఎవరైనా వ్యాసం రాస్తే ఈ రోజు పేజీ చూపించండి. జామకాయలు తిన్నాను.

రోజు 320

వాళ్లు వేసిన ఎత్తు తెలివైనదే. నాలుగు వందల కుటుంబాలనీ మూటలతో సహా ఏడో గుమ్మటంలోకి తీసుకొచ్చి, ఇళ్లు చూపించి, ఆ జనం మధ్య మణెమ్మ గారిని నిలబెట్టారు. బాలకిషన్ గారినీ పక్కనే నిలబెట్టారు. ఇల్లు చూసుకున్నవాళ్ల మొహం మీదే కాదనడం కష్టమని లెక్క వేశారు.

ఆ లెక్కలో తప్పు లేదు. ఒక ముసలావిడ మణెమ్మ గారి చేతులు పట్టుకుంది.

"ఒక్క మాట అను తల్లీ. రెండేళ్లయింది, మా కోడలూ నేనూ ఒకే మంచం మీద పడుకుంటున్నాం."

మణెమ్మ గారు తడబడడం మొదటిసారి చూశాను. పెదవులు విడివడ్డాయి. నేను కలం పట్టుకుని ఉన్నాను. ఆ క్షణంలో ఆవిడ ఆ మాట అంటే నేను రాయక తప్పదు.

పక్క వీధిలో పిల్లలు పరుగుపందెం పెట్టుకున్నారు. కొత్త వీధి, ఖాళీ వీధి, ఆగుతారా? పది గజాలు పరుగెత్తి అందరూ ఒక్కసారి కూలబడ్డారు. నవ్వుతున్నారు, నవ్వడానికి ఊపిరి చాలక మళ్లీ దగ్గుతున్నారు. అది ఆటలో భాగమనుకుని మళ్లీ లేచారు, మళ్లీ కూలబడ్డారు.

మణెమ్మ గారు ముసలావిడ చేతులు మెల్లగా విడిపించుకున్నారు.

"గాలి కొలిచే మీటరు ఎక్కడుంది?"

మంత్రి తన కాగితం చూపించాడు. ఒకసారి ధ్రువీకరించిన మీటరుని ఏడాది దాకా మళ్లీ చూడనక్కర్లేదని నిబంధన చదివాడు.

"కాగితం కాదు. మీటరు."

అందరి కళ్లూ ఒకేసారి ఒక గోడ వైపు వెళ్లి వెనక్కి వచ్చాయి. ఆ గోడ మీద అధ్యక్షుల వారి పటం ఉంది. పెద్ద పటం, దండ కూడా వేశారు. మీటరు పటం వెనక ఉంది. అధ్యక్షుడి పటం కదిలించడం నేరం, ఆరు నెలలు గని పని. మీటరు మీద పటం తగిలించినవాడు మేధావి అయి ఉండాలి. పోనీ అలవాటు కొద్దీ, ఎత్తుగా ఖాళీగా కనిపించిన గోడకల్లా పటం తగిలించే మామూలు ఉద్యోగి అయి ఉండాలి. నేను రెండోదే నమ్ముతాను. ఈ దేశంలో మేధావులు నాకు ఎక్కువమంది తగల్లేదు.

మణెమ్మ గారు ఒక స్టూలు లాక్కుని గోడ దగ్గర వేశారు.

"అమ్మగారూ, చట్టం..." అన్నాడు ప్రసన్నకుమార్.

"ఇంట్ల రోజూ దులిపేది నేనే గదయ్యా. ఆడ లేని చట్టం ఈడ వచ్చిందా?" స్టూలు ఎక్కారు. అది ఊగింది. ఆవిడ వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచారు. "ఏందట్ల నిలవడి జూస్తున్నవ్? గట్టిగ పట్టుకో."

అది ఎవరితో అన్నారో ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరూ ఊపిరి తీసుకోలేదు. ఎలాగూ తీసుకోవడానికి అక్కడ ఎక్కువ లేదు. బాలకిషన్ గారు మంత్రి వైపు చూశారు, జనం వైపు చూశారు, కూలబడి దగ్గుతున్న పిల్లల వైపు చూశారు. తర్వాత దేశాధ్యక్షుడు ముందుకు వంగి రెండు చేతులతో స్టూలు పట్టుకున్నాడు.

"జర పైలం, పడ్తవే," అన్నాడు.

ఆవిడ పటం దించి ఆయన చేతికే ఇచ్చారు. ఆయన తన బొమ్మని తనే చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

మీటరు ముల్లు డెబ్బై ఒకటి దగ్గర ఉంది. నూరు దగ్గర ఉండాలి. మేం చూస్తుండగానే సన్నగా వణికి డెబ్బై మీదకి వచ్చింది.

ఆ తర్వాత రాయడానికి పెద్దగా ఏమీ లేదు. జనం మూటలెత్తుకుని బయటికి నడిచారు. తోసుకోలేదు, అరవలేదు. ముసలావిడ వెళ్తూ మణెమ్మ గారిని తిట్టింది, నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి చెంప నిమిరింది, మళ్లీ తిట్టుకుంటూ వెళ్లింది. అందరికంటే ముందు తలుపు దాటినవాడు మంత్రి తిరుమలేశ్.

రోజు 322

చీలిక దొరికింది. వెంట్రుక మందం. మొదటి ఇంటి పడకగది కింద.

మొదటి ఇల్లు మార్తాండరావుది. ఈ దేశంలో నేను ప్రాణం నిలబెట్టిన మనిషి ఎవరైనా ఉన్నారంటే అది ఆయనే. ఈ సంగతి ఆలోచిస్తూ మధ్యాహ్నం భోజనం మానేశాను.

సాయంత్రం ఆయన ఉత్తరం వచ్చింది. కృతజ్ఞతగా నా పుస్తకానికి పీఠిక రాసి తీరతానన్నాడు. ఇప్పుడు నూట ఇరవై పేజీలట.

రోజు 346

బాలకిషన్ గారు అరవై మూడు ఓట్లతో ఓడిపోయారు. స్టూలు పట్టుకున్నందుకు ఓటేసినవాళ్లు కొందరు, స్టూలు పట్టుకున్నందుకు వెయ్యనివాళ్లు ఇంకొందరు. రెండోవాళ్లు అరవై మూడు మంది ఎక్కువ. ఆయన ఇల్లు ఖాళీ చేస్తూ పటాలన్నీ కట్టకట్టి పెట్టారు. మణెమ్మ గారు వాటిని కొత్త పొయ్యికి గాలి తగలకుండా అడ్డు పెట్టుకుంటానన్నారు. గట్టి చెక్కట.

రోజు 379

కొత్త అధ్యక్షుడికి పెళ్లి కాలేదు. ఈ ఉపద్రవాన్ని రాజ్యాంగం ఊహించలేదు. ఏడో గుమ్మటం బాగు చేసి సిద్ధంగా ఉంది, నాలుగు వందల కుటుంబాలు సిద్ధంగా ఉన్నాయి, పాలు పొంగించడానికి మాత్రం దేశంలో ఎవరికీ అధికారం లేదు. శాసనసభ తొమ్మిది రోజులు కూర్చుంది. అధ్యక్షుడికి ఆదరాబాదరా పెళ్లి చెయ్యాలని ఒక సభ్యుడు ప్రతిపాదించాడు. అధ్యక్షుడు సభలోంచి బయటికి వెళ్లిపోయాడు. చివరికి పాయసాన్ని తిరిగి చేర్చి, 'ఎవరికి వండడం వచ్చో వారు' అని చట్టం మార్చారు. నేను చదివిన చట్టాల్లో అర్థమైనది ఇదొక్కటే.

మణెమ్మ గారు ఇప్పుడు ఎవరి సతీమణీ కారు, అంటే ప్రభుత్వ లెక్కలో. పుస్తకం మూసెయ్యమని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. చెవిలో మర లేదు. చెయ్యి ఊపనక్కర్లేదు. ఒక షరతు మీద వచ్చారు: కవితాగానం ఉండకూడదు. మార్తాండరావు జనంలో నిలబడి శాలువా సర్దుకుంటూనే ఉన్నాడు.

పాలు తొమ్మిది నిమిషాల పది సెకన్లకి పొంగాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇప్పుడు అందరికీ తెలుసు. పప్పు వేశారు, బియ్యం వేశారు, బెల్లం వేశారు. నాలుగు వందల కుటుంబాలు ఒక గిన్నె వైపు చూస్తూ అరగంట నిలబడ్డాయి. పిల్లల్ని కూడా ఎవరూ కదలనివ్వలేదు. ఆవిడ ఒక పప్పు గరిటతో తీసి, ఊది, వేళ్ల మధ్య పెట్టి నొక్కారు.

నలిగింది.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకున్నారు. కాసేపు కొంగు తియ్యలేదు.

"ఉడికింది," అన్నారు.

రాసుకున్నాను. తలుపులు తెరిచారు. ముసలావిడ మూట నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు పరుగెత్తింది. కొత్త ఇంటి గడప దగ్గర ఆగి, ఆయాసం రాలేదని ఆశ్చర్యపోతూ వెనక్కి చూసింది.

మణెమ్మ గారు నా చేతిలో గిన్నె పెట్టారు.

"తిను పెద్దసారూ. నీ పుస్తకంల ఏం రాస్తవో రాయి."

తిన్నాను. ఆవిడ నా ముఖం వైపే చూస్తున్నారు. డెబ్బై ఎనిమిదేళ్లలో నా అభిప్రాయం కోసం ఇంత ఆత్రంగా ఎవరూ ఎదురుచూడలేదు. అబద్ధం రాస్తే ఆవిడే ఊరుకోరు.

పప్పు మెత్తగా ఉడికింది. బియ్యం బాగా ఉడికింది. బెల్లం కొంచెం తక్కువైంది.